వేణ్ణీళ్ల మనిషి, చన్నీళ్ల మనిషి

మా మెట్ల కింది గదిలో ఉండే పిన్నిని అందరూ నురగ పిన్ని అంటారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. మెషిన్‌లో వేస్తే పాడైపోయే బట్టలన్నీ ఆవిడ చేతికే వస్తాయి. పట్టు గౌన్లు, లేసు తెరలు, ఉన్ని శాలువాలు, ఏదైనా సరే. మనిషి పొట్టి. అందుకే పెరటి గుమ్మానికి అడ్డంగా ఉన్న దండెం తన చేతికి అందేట్టు కిందికి కట్టుకుంది. పెరట్లోకి వెళ్లాలంటే మేమంతా మెడ వంచాల్సిందే. "వంగితే అరిగిపోతారా?" అనేది పైగా. నోరు తక్కువేం కాదు.

ఆవిడ పని చూస్తుంటే నాకు విసుగొచ్చేది, అంత నిదానం. పట్టుబట్ట తడిపే ముందు తెల్లగుడ్డ ముక్క తడిపి లోపలి కుట్టు మీద అద్ది, రంగు దిగుతుందేమో చూస్తుంది. ఉన్నిదైతే బేసిన్‌లో నీళ్లు పట్టి మణికట్టు ముంచుతుంది, పసివాడికి స్నానం చేయించే ముందు చూసినట్టు. ఏమాత్రం వేడి తగిలినా ఇంకో మగ్గు చన్నీళ్లు పోస్తుంది. కాస్త షాంపూ కలిపి, బట్ట ముంచి, అరచేత్తో నొక్కి వదులుతుంది. రుద్దదు, పిండదు. తువ్వాల్లో చుట్టి నీరు లాగించి, నీడలో మంచం మీద పరుస్తుంది. తడి ఉన్నిని దండెం మీద వేస్తే సాగిపోతుందని నన్నొకసారి చెడామడా తిట్టింది కూడా.

ఆవిడ మొగుడు దానికి పూర్తిగా ఎదురు. ఆసుపత్రి లాండ్రీలో బాయిలర్ దగ్గరే వయసంతా అయిపోయింది. బట్ట అంటే మరగాలి, కర్రతో కలియబెట్టాలి, లేకపోతే ఆయన లెక్కలో అది ఉతుకే కాదు. "మీ పిన్ని బట్టలకి నీళ్లు చూపిస్తుందంతే" అని ఆటపట్టించేవాడు. "ఈయన బట్టలుతకడమ్మా, వండుతాడు" అని ఆవిడ ఎదురు అంటించేది. ఆ ఇంట్లో సరసమైనా జగడమైనా ఆ వేణ్ణీళ్ల మీదే.

వాళ్లకి ఒక్కడే కొడుకు, బుజ్జిగాడు. నాలుగేళ్లప్పుడు జ్వరం తలకెక్కి పోయాడు. మేం ఈ ఇంటికి రాకముందు సంగతి. ఆ పేరు వాళ్లిద్దరూ ఎత్తగా నేను వినలేదు.

తర్వాత బాబాయికి మతిమరుపు పట్టుకుంది. మొదట తాళాలు మర్చిపోయాడు, తర్వాత వీధి, చివరికి పెళ్లాన్ని. ఎవరింట్లోనో అద్దెకున్నట్టు ఎంతో మర్యాదగా, "ఏమ్మా, కాసిని మంచినీళ్లిస్తారా?" అని అడిగేవాడు. ఆ "ఇస్తారా" వినలేక నేను పైకి వచ్చేసేదాన్ని. నాలుగు తిట్టినా బాగుండేది. చేతులు మాత్రం పని మరిచిపోలేదు. నానబెట్టిన బట్ట కనబడితే చాలు, పొయ్యి వైపు నడిచేవాడు. పాపం పిన్ని స్టవ్ లైటర్ నడుముకి దోపుకునే తిరిగేది.

బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒక నీలం స్వెటర్ తెచ్చింది. వాళ్లమ్మ పోయే ముందు అల్లిందట. "జాగ్రత్త పిన్నిగారూ, అమ్మ చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలింది" అని రెండు చేతులతో అందించింది. పిన్ని దాన్ని బేసిన్‌లో ముంచిందో లేదో, వాన మొదలైంది. డాబా మీద ఎవరివో పట్టు గౌన్లు ఆరుతున్నాయి. ఉన్నపళంగా పరుగెత్తింది. అప్పుడే టీ పెట్టిన పొయ్యి పక్కన లైటర్ ఉండిపోయింది.

గౌన్లు తీయడానికి నేనూ సాయం పట్టాను. ఇద్దరం దిగేసరికి గది నిండా ఆవిరి. బాబాయి పెద్ద గిన్నెలో స్వెటర్ వేసి కర్రతో తిప్పుతున్నాడు, డ్యూటీలో ఉన్నంత శ్రద్ధగా. ఉన్ని మరిగి, పైగా తిప్పుడు కూడా పడితే ఇక అంతే, దగ్గరపడిపోతుంది. ఎంత లాగినా వెనక్కి రాదు. కర్రతో పైకి తీస్తే అట్టలా మందంగా, చిన్నపిల్లాడికి పట్టేంత మిగిలింది.

పిన్ని అరవబోయింది. ఈలోగా ఆయన దాన్ని చన్నీళ్లలో జాడించి, ఒళ్లో పరుచుకుని, చేతులు రెండూ సరిచేశాడు.

"ఏమే, బుజ్జిగాడి స్వెటర్ ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావే? వాడు చలికి వణికిపోతుంటే?"

ఏమే అన్నాడు. పిన్ని పొయ్యి ఆపి ఆయన పక్కన కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు బాబాయి ఆవిడ్ని గుర్తుపట్టాడు. స్వెటర్ చంకలో పెట్టుకునే తిరుగుతూ, "ఏమే, అన్నం పెట్టు" అనేవాడు. "ఏమే, జుట్టు ఇంత నెరిసిందేంటే నీకు?" అనేవాడు. ఆవిడ అద్దం ముందు నిలబడటం నేను కళ్లారా చూశాను. నాకు సంతోషంగా అనిపించేది, భయంగానూ ఉండేది. ఆ స్వెటర్ వాళ్లది కాదు కదా.

బ్యాంకమ్మాయి రానే వచ్చింది. పిన్ని ఏదీ దాచలేదు, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆ అమ్మాయి అగ్గిమీద గుగ్గిలమైంది. "ఆయన్ని గదిలో పెట్టి తాళం వేసుకోలేకపోయారా?" అనేసింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఏడుస్తూ అంటోంది, ఏమంటాం? అలాంటిదే ఇంకోటి అల్లిస్తానని పిన్ని బతిమాలింది.

"ఇంకోటి ఎవరిక్కావాలండీ? ఎలా ఉంటే అలా ఇచ్చేయండి. మా అమ్మ చెయ్యి పడింది దానిమీద."

న్యాయమైన మాట. పిన్ని వెళ్లి బాబాయి పక్కన కూర్చుంది. "ఏమండీ, అది ఇలా ఇవ్వండి."

"ఎందుకే? వాడికి చలి."

తీసుకోబోతే పిడికిళ్లు బిగించాడు. బ్యాంకమ్మాయి మొహం తిప్పుకుంది. పిన్ని ఆయన చేతుల మీద చెయ్యి వేసింది. అది పోతే "ఏమే" అన్న పిలుపు కూడా పోతుందని ఆవిడకి తెలుసు. వాడు లేడని చెప్పేస్తుందేమోనని నా భయం. చెబితే ఆయనకి వాడు ఆ రోజే పోయినట్టు.

"వాడికిది పట్టదండీ," అంది పిన్ని. "పెద్దవాడయ్యాడు."

"పెద్దవాడయ్యాడా? ఎంత?"

పిన్ని లేచింది. చెయ్యెత్తి తన భుజం దగ్గర ఆపింది. ఆయన మొహం చూసి ఇంకాస్త ఎత్తింది. చివరికి మునివేళ్ల మీద నిలబడి ద్వారబంధం పైదాకా చాచింది. "ఇంత."

"అమ్మో, అంత పొడుగే!" బాబాయి మొహం విప్పారింది, పిడికిళ్లు వాటంతటవే వదులయ్యాయి. "అయితే ఇది ఎవరికైనా ఇచ్చెయ్యవే." అంతలో ఆయన చూపు పెరటి గుమ్మం మీద పడింది. "మరి ఆ దండెం అంత కిందికి కట్టావేంటి? పరిగెత్తుకుంటూ వస్తే వాడి మెడకి తగలదూ?"

ఆ అమ్మాయి స్వెటర్ గుండెకి హత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ వైపు రాలేదు. దండెం ఆ సాయంత్రమే పైకి కట్టాం, మేకులు నేనే కొట్టాను.

వారం తిరక్కుండా పిన్ని మళ్లీ "ఏమ్మా" అయిపోయింది. కొడుకు సంగతీ ఆయన మర్చిపోయాడు. ఇప్పుడు మంచం దిగడం లేదు, పెరటి గుమ్మం చూసి ఎన్నాళ్లయిందో.

పిన్ని మాత్రం ఇంకా స్టూలెక్కే బట్టలు ఆరేస్తోంది. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. నిన్న చూడలేక కసిరాను. "పడితే నిన్నెవరు చూస్తారు పిన్నీ? జరుగు, దండెం కిందికి కట్టేస్తాను."

బాబాయి లోపల నిద్రపోతున్నాడు. వినేవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ పళ్ల మధ్య ఉన్న క్లిప్పులు తీసి చేత్తో పట్టుకుంది.

"వద్దు," అంది. "వాడి మెడకి తగులుతుంది."