మరియమ్మక్క అడిగే ప్రశ్నలు

ఎదురింటివాళ్ళు రాత్రి పడుకోబోయే ముందు గేటుకి గొలుసు చుట్టి తాళం వేస్తారు. ఇనుము ఇనుముకి రాసుకునే ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు మరియమ్మక్క గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. తిరువూరు జైల్లో వార్డరు. పొడుగు మనిషి, ఖాకీ చీర, నడుముకి తాళాల గుత్తి. అరుదుగా ఎవరైనా ఆడ ఖైదీ వస్తే రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. అలాంటప్పుడు తోడుకి ఊళ్ళోంచి ఒక ఆడమనిషిని పిలిపించేవారు. నాలుగో తరగతితో బడి మానేసిన నన్ను ఆ పనికి కుదిర్చింది మరియమ్మక్కే.

గంటకోసారి ఊచల దగ్గరికి వెళ్ళి చూసి రావాలి. నిద్రపోయేవాళ్ళని ఆమె లేపేది కాదు. దుప్పటి పైకీ కిందికీ కదలడం చూసి వచ్చేసేది. మెలకువగా ఉన్నవాళ్ళని మాత్రం ఏదో ఒకటి అడిగేది. మీ ఊళ్ళో పత్తితీత మొదలైందా, మీ గేదె రెండు పూటలా ఇస్తుందా, ఇలాంటివి.

"ఏంటక్కా, చుట్టాలింటికి వచ్చినట్టు ఈ కబుర్లు? పేరు పిలిస్తే 'ఆఁ' అంటారుగా" అన్నాను ఒకసారి.

"ఆఁ అనడానికి మనసు అక్కర్లేదే పిల్లా. జవాబు చెప్పాలంటే మనిషి ఎక్కడున్నా ఇక్కడికి రావాలి" అంది.

ఒక మామిడికాయల కాలంలో పెనుగొలను నుంచి కుమారి అనే ఆమెను తెచ్చారు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి తోడికోడల్ని కర్రతో కొట్టింది. ఆ తోడికోడలు బెజవాడ ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉంది. కుమారి అన్నం ముట్టలేదు. దూరంగా మూలకి కూర్చుని, కొంగుని తాడులా మెలిపెడుతూ ఉంది. మరియమ్మక్క పిల్లల గురించి అడిగింది, పొలం గురించి అడిగింది. పలుకు లేదు.

అక్క నన్ను పక్కకి పిలిచి, "దీనికి తెల్లారడం ఇష్టం లేదే రమణా. ఎట్టాగైనా మాట్లాడించాలి" అంది. తాళం తీసి నన్ను లోపలికి పంపింది. తను ఊచలకి అవతల చతికిలబడి, నాతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఈ ఏడు ఆవకాయ తేలిగ్గా కానిచ్చేశానే. కాయలు కడిగి, తడిమీదే ముక్కలు కొట్టించి జాడీలో వేసేశా."

నేను నోరు తెరిచాను. ఆమె పెట్టిన ఆవకాయ రెండో ఏటికి కూడా ముక్క మెత్తబడదు. అక్క నన్ను చూసి కళ్ళతోనే ఊరుకోమంది.

"ఉప్పు కూడా సగమే వేశా. ఎవడు తింటాడు అంత ఉప్పు."

మూలనుంచి గొంతు పెగిలింది. "బూజు పట్టుద్ది."

"ఎందుకు పట్టుద్ది? ఎండలో పెడతాగా."

"తడి ముక్క ఎండలో పెట్టినా అంతేనండీ. మీకెవరు నేర్పారు అట్టా?" కుమారి కొంగు వదిలేసి, చేతులు తిప్పుతూ చెప్పసాగింది. కాయ ఎలా తుడవాలి, ఆవపిండి ఎంత. మధ్యలో ఆగిపోయింది. "మా తోడికోడలూ నేనూ కలిసే పెట్టేవాళ్ళం" అని భోరుమంది. నేను ఆమె తలని ఒళ్ళోకి తీసుకున్నాను. మరియమ్మక్క ఏడవనిచ్చింది. తర్వాత, "ఇంతకీ నూనె ఎంత పొయ్యమంటావు?" అంది. తెల్లారేదాకా అలాగే అడుగుతూ కూర్చుంది.

తోడికోడలు బతికింది. బెయిలు మీద వెళ్ళేరోజు కుమారి, "వచ్చే ఏడు నేనే పెట్టి పంపుతానండీ. మీరు మాత్రం పెట్టకండి" అని మరీ మరీ చెప్పి బస్సెక్కింది. అక్క బుద్ధిగా తల ఊపింది.

మరియమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల నా మనవరాలు పరీక్ష తప్పానని గది తలుపు వేసుకుంది. కొడుకూ కోడలూ తలుపు బాదుతూ ధైర్యం చెబుతున్నారు. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. వాళ్ళని జరగమని నేను గడప దగ్గర కూర్చున్నాను.

"ఒసేయ్, ఫోనుకి రాత్రంతా చార్జింగు పెడితే కొత్త పాటలు వస్తాయంటగా? నాదీ పెట్టనా?" అన్నాను.

లోపల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "పాటలు చార్జింగుతో రావు నాయనమ్మా."

"మరి దేంతో వస్తాయే?"

అది తలుపు తీసేదాకా తప్పులు మాట్లాడుతూనే కూర్చున్నాను.