బర్ఫీకి రెండు పెట్టెలు

గంగవ్వక్క గురించి చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆమె అంటే నాకు కుళ్ళు. నిన్నా మొన్నటిది కాదు, పద్దెనిమిదేళ్ల కుళ్ళు. అందుకని నేను చెప్పేదాంట్లో కారం కాస్త ఎక్కువైతే మీరే సర్దుకోండి.

సూరత్‌లో, లింబాయత్‌లో మాదొక ఇరుకు సందు. ఇటు పది గదులు, అటు పది గదులు. అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. మా ఆయన పరమేశ్ ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు చెడితే బాగుచేసే మాస్టర్. గంగవ్వక్క భర్త లింగమూర్తి బావ అదే కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. వాళ్ల గుమ్మం సరిగ్గా మా గుమ్మానికి ఎదురు. పొద్దున నేను తలుపు తీశానంటే మొదట ఆమె మొహమే చూడాలి.

ఆమె పని చీరలకు దారాలు కత్తిరించడం. ఎంబ్రాయిడరీ మిషన్ మీద పూలు కుట్టాక చీర వెనక దారాలు వేలాడుతుంటాయి. ఆ చీరలు మూటలుగా ఇళ్లకు వస్తాయి. గుమ్మంలో కూర్చుని, వేళ్ల మధ్య ఇమిడిపోయే చిన్న కట్టర్‌తో ఒక్కొక్క దారం తెంచాలి. గుడ్డకు కట్టర్ తగిలిందో, ఆ చీర మన నెత్తిన పడ్డట్టే. నేనూ ఆ పని చేశాను. నెలకొక చీరకు చిల్లు పెట్టి, చివరికి మానేశాను. గంగవ్వక్క పంతొమ్మిదో ఏట ఈ ఊరొచ్చింది, ఇప్పుడామెకు యాభై ఐదు. ఇన్నేళ్లలో ఒక్క చీర కూడా పాడుచేయలేదని ఆ చీరలు పంపే సేఠ్ మా అందరి ముందూ చెబుతాడు. చెప్పకపోతే ఆయన సొమ్మేం పోయింది?

ఇన్నేళ్లున్నా ఆమెకు గుజరాతీ ముక్క రాదు. కూరగాయల బండివాడితో తెలుగులోనే బేరమాడుతుంది, వాడు నవ్వుతూ కొత్తిమీర కొసరు వేస్తాడు. నేను గడగడా గుజరాతీ మాట్లాడతాను, నాకు వాడిపోయిన కట్ట ఇస్తాడు. మా ఆయన నేను వండిన అన్నం తింటూ, "గంగవ్వక్క పచ్చిపులుసు తాగినంక ఇంకేది నోటికి వడ్తలేదే" అంటాడు. ఆ పూట పళ్లెం లాగేసుకోని నా ఓర్పుకు మీరు దండం పెట్టాలి.

ఇవన్నీ చిన్న మంటలు. పెద్దది వేరే ఉంది. మా హిమశ్రీ పుట్టినప్పుడు మా అమ్మ ఊరి నుంచి రాలేకపోయింది. బాలింత రోజులన్నీ పిల్లకు నీళ్లు పోసింది గంగవ్వక్కే. నా బిడ్డ నా ఒళ్లో గుక్కపట్టి ఏడ్చేది. నీళ్లు పోసి ఆమె ఎత్తుకోగానే నోరు మూసేది. చూడవచ్చిన ఆడవాళ్లు, "పిల్లకు తల్లెవ్వలో తెలుస్తలేదు" అని నవ్వారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎవరూ చూడలేదు. ఇప్పటికీ హిమశ్రీ కాలేజీ నుంచి రాగానే మా గుమ్మం ఎక్కదు, ముందు ఎదురింటి గుమ్మమే ఎక్కుతుంది.

ఇక బర్ఫీ సంగతి. రెండేళ్ల కిందట మా సందులోకి వచ్చిన తెల్లటి వీధికుక్క అది. దానికి మొదట అన్నం పెట్టింది నేను. ఉడికించిన గుడ్డు వలిచి పెట్టింది నేను. మరి పడుకునేదెక్కడ? గంగవ్వక్క గుమ్మంలో, ఆమె దారాల మూట పక్కన. ఈ వానాకాలం అది కడుపుతో ఉందని తెలిసిన రోజే నేను మనసులో గట్టిగా అనుకున్నాను. బిడ్డ విషయంలో ఓడిపోయాను, చాలు. ఈ కుక్క పిల్లల్ని నా గుమ్మంలోనే పెట్టాలి.

ఫోన్‌లో వీడియోలు వరసపెట్టి చూశాను. పెద్దిళ్లలో కుక్క కాన్పుకు ప్రత్యేకంగా పెట్టె చేయిస్తారట. తల్లి కాళ్లు చాపుకొని పడుకున్నా ఇంకా చోటు మిగలాలట. గోడ తల్లి దాటేంత ఉండాలి, పిల్లలు దాటలేనంత ఉండాలి. ఉధనాలో వడ్రంగిని పట్టుకుని ప్లైవుడ్‌తో చేయించాను. లోపల చుట్టూ గోడకు బెత్తెడు దూరంలో ఒక కర్ర కొట్టాలని వీడియోలో చెప్పారు కానీ, అందం చెడుతుందని నేనే వద్దన్నాను. గులాబీ రంగు వేయించాను. అడుగున మెత్తగా ఉండాలని మా ఆయనతో కార్ఖానా నుంచి ఒక సంచెడు వేస్ట్ దారం తెప్పించి పరిచాను. మాది నేత ఇల్లు. మా తాత మగ్గం కింద రాలిన నూలు పోగులు దులిపి, వాటితోనే మా ఉయ్యాలలో పరుపు వేసేవాడు. ఆ దారం మీద ఎర్ర వెల్వెట్ ముక్క కప్పి, పెట్టెను సందులో పోయేవాళ్లందరికీ కనబడేలా గుమ్మం పక్కన పెట్టాను.

గంగవ్వక్క కూడా ఒక పెట్టె తయారుచేసింది. మగ్గం సామాన్లు వచ్చిన పాత చెక్కపెట్టె అది. ముందు పలక సగానికి కోయించింది. గుడ్డ తానులు చుట్టే అట్ట గొట్టాలను లోపలి గోడల వెంట, నేలకు బెత్తెడు ఎత్తులో, తాళ్లతో కట్టింది. పాత నూలు గుడ్డలు పరిచి, తన గుమ్మం పక్కనున్న మేడమెట్ల కింద చీకట్లో పెట్టింది.

"గీ గొట్టాలు ఎందుకక్కా?" అని నవ్వాను.

"తల్లి అలిసిపోయి గోడకు ఒరుగుతది చెల్లె. ఎనుక పిల్ల ఉంటే నలిగిపోతది. గీ గొట్టం ఉంటే పిల్లకు జర సందు ఉంటది."

వీడియో చూడని మనిషికి ఇది ఎవరు చెప్పారు? ఒళ్లు మండిపోయింది. దానికి తోడు మా హిమశ్రీ రెండు పెట్టెలూ చూసి, "మమ్మీ, పెద్దమ్మది సహీ ఉంది. నీది షోకేస్ లెక్క ఉంది" అంది.

బర్ఫీ నా పెట్టెలోకి ఒక్కసారి తల పెట్టి, రంగు వాసనకు తుమ్మి వెళ్లిపోయింది. ఒక సోమవారం పొద్దున మెట్ల కింద, గంగవ్వక్క పెట్టెలో ఐదు పిల్లల్ని పెట్టింది. సందంతా అక్కడ చేరింది. మా ఆయన ఏకంగా సెలవు పెట్టాడు, నా కాన్పుకు కూడా పెట్టని సెలవు. నేను ఖాళీ గులాబీ పెట్టె పక్కన కూర్చుని కందిపప్పు ఏరాను. పప్పులో రాయన్నది లేదు.

మూడో రోజు పొద్దున గంగవ్వక్క చీరల మూట సేఠ్‌కు ఇచ్చి రావడానికి వెళ్లింది. నేను చేసింది తప్పే, ఇప్పుడైతే ఒప్పుకుంటాను. ఐదు పిల్లల్నీ కొంగులో వేసుకుని నా పెట్టెలోకి తెచ్చాను. బర్ఫీ మూలుగుతూ వెనకే వచ్చింది, పిల్లల కోసం లోపలికి దూకింది, పాలిచ్చింది. నా గుమ్మంలో, నా పెట్టెలో! ఎదురింటి మూసిన తలుపు వంక చూసి నవ్వుకున్నాను కూడా.

ఆ నవ్వు గంట నిలవలేదు. వెల్వెట్ మీద పిల్లల కాళ్లు జారాయి. జారి జారి గుడ్డను ఒక మూలకు నెట్టేశాయి, కింద దారం బయటపడింది. అన్నిటికన్నా చిన్నపిల్ల కీచుమని అరిచింది. చూస్తే దాని వెనక్కాలికి దారం చుట్టుకుంది. అది పెనుగులాడిన కొద్దీ చుట్టు బిగిసింది. కాలు ఉబ్బి నీలంగా మారుతోంది. నేను దారం పట్టి లాగాను, ఇంకా బిగిసింది. కొరికాను, తెగలేదు. కత్తెర తెచ్చాను కానీ దారం చర్మంలోకి దిగిపోయింది, ఎక్కడ పెట్టినా కాలే తెగేలా ఉంది. చీరలకే చిల్లులు పెట్టే చెయ్యి నాది. బర్ఫీ నా మీదికి పళ్లు చూపించింది. రెండేళ్లు గుడ్డు పెట్టిన ఈ చేతికి!

అప్పుడే సందు మొదట్లో గంగవ్వక్క కనబడింది. ఏ మొహం పెట్టుకుని పిలవాలి? అయినా పిలిచాను. "అక్కా, ఉరుకు!"

ఆమె ఉరికొచ్చింది. నేల మీద చతికిలబడి, పిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్లోంచి కట్టర్ తీసింది. బొటనవేలి గోటితో ఒక పోగును లేపింది. టిక్. ఇంకొకటి. టిక్. మూడోది. ఒక్క నెత్తురు చుక్క రాలేదు. కాలికి నూనె రాసి మెల్లగా తోముతూ ఉంటే కాసేపటికి నీలం తగ్గింది, పిల్ల కాలు కదిపింది. సేఠ్ ఆమెను అంత మెచ్చుకోవడం ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా మండింది, అది వేరే సంగతి.

"మీ తాత నూలు అనుకున్నవా చెల్లె? గిది పాలిస్టర్. దారం కాదు, తీగ" అంది. అంతే. తిట్టి ఉంటే నాకు కాస్త బాగుండేది.

దారమంతా ఎత్తి బయట పారేసింది. తర్వాత పెట్టెను చేత్తో కొలిచి చూసింది. "వెడల్పుకు నీదే మంచిగున్నది. నాదాంట్ల అది కాళ్లు ముడుసుకుంటున్నది" అని తన గొట్టాలు విప్పి నా పెట్టెలో కట్టింది. ఇద్దరం మోసుకెళ్లి మెట్ల కింద పెట్టాం. ఇక పరుపు కావాలి. ఆమె పెట్టెలోని గుడ్డలు తడిసిపోయాయి, ఉతికి ఆరేసినవి మూడు రోజుల వానలో ఆరలేదు. ఇంటింటికీ తిరిగి అడిగింది. ఇరవై ఇళ్లలో బీరువాల నిండా చీరలున్నాయి, అన్నీ ఈ ఊరి పాలిస్టరే. నీళ్లు పీల్చే పొడిగుడ్డ పీలిక దొరకలేదు. చివరికి వచ్చి నా ముందు నిలబడింది.

"ఆ కట్టుకున్న చీరె విడిచియ్యి."

"ఏంది?"

"గా నేత చీరె. ఉతకకుండ గట్లనే ఇయ్యి."

ఉక్కపోతకు ఇంట్లో కట్టుకుంటానని మా ఊరి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క నూలు చీర అది. "నన్ను చూస్తేనే గుర్రుమంటున్నది. నా చీర మీద పండుకుంటదా అక్కా?" అన్నాను.

"నువ్వియ్యి, చెప్త."

వేరే చీర కట్టుకుని, అది తెచ్చిచ్చాను. ఆమె నాలుగు మడతలు వేసి పెట్టెలో పరిచి పిల్లల్ని దాని మీద ఉంచింది. బర్ఫీ చీరను మూల మూలా వాసన చూసింది. మూడుసార్లు గుండ్రంగా తిరిగి, నా పైట ముడతలో మూతి పెట్టి పడుకుంది. నేను దగ్గరికి వెళ్లినా ఈసారి గుర్రుమనలేదు.

"నీ పిల్ల గూడ గిట్లనే ఊకుంటుండె" అంది గంగవ్వక్క.

పద్దెనిమిదేళ్లు దాచుకున్నది నోట్లోంచి బయటికొచ్చేసింది. "నీ ఒళ్ల ఊకుంటుండె. నా ఒళ్ల కాదు."

ఆమె నా వంక వింతగా చూసింది. "నా ఒళ్లు ఏమున్నదే? నీళ్లు వోసి, నువ్వు విడిసిన చీరెల చుట్టి ఎత్తుకుంటుంటి. నీ పాలవాసన దాంట్లనే ఉంటుండె. నువ్వేమో చూడొచ్చేటోళ్ల కోసమని సబ్బుతోటి తానం జేసి, కొత్త మెరుపుల చీరె కట్టుకొని కూసుంటుంటివి. పసిపిల్లకు ఏం తెలుస్తది?"

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందక్కా?"

"నీకు తెలుసనుకున్న" అని ఆమె కొత్త మూట విప్పుకుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది.

సాయంత్రం హిమశ్రీ కాలేజీ నుంచి వచ్చింది. ఎప్పటిలాగే మా గుమ్మం దాటి ఎదురింటి వైపే పోయింది, ఎప్పటిలాగే నాకు మండింది. కానీ పిల్ల గంగవ్వక్క దగ్గర ఆగలేదు. మెట్ల కిందికి వెళ్లి, పెట్టె పక్కన కూర్చుని, బయటికి వేలాడుతున్న నా చీర కొసను ఒళ్లోకి లాక్కుంది.