ఏడో పేరు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆయన్ని కామా బాబాయి అంటారు. పరిశోధకుల వ్యాసం జర్నల్‌కి వెళ్లేముందు, చివరనుండే రిఫరెన్సులను ఆ జర్నల్ అడిగిన తీరులో సర్దడం ఆయన పని. కళ్లజోడు సర్దుకుని, తెర మీద వరుస కింద స్కేలు ఆనించి, పెదాలు కదుపుతూ చదువుతాడు. చుక్క వచ్చిన చోటల్లా గడ్డం కిందికి దిగుతుంది. పక్కన టీ తొరక కట్టినా పట్టదు.

ఈసారి జర్నల్ నిబంధన ప్రకారం ఒక్కో రిఫరెన్సులో ఆరుగురి పేర్లే వేయాలి, మిగతావాళ్లంతా ‘తదితరులు’. ఆ రిఫరెన్సుల్లో ఉన్న ఒక పాత వ్యాసానికి బాబాయి ఏడో రచయిత. దాని కొలతలన్నీ తీసింది ఆయనే. ఆయన పేరు అచ్చులో పడింది ఆ ఒక్కసారే. మళ్లీ ఒకసారి చూసుకోవాలని ఉంది. ఆయన వేలు ఆ పేరు దగ్గర ఆగడం పక్క బల్ల దగ్గరి పరిశోధకురాలు చూసింది.

“ఉంచెయ్ బాబాయ్. ఒక్క పేరేగా, ఎవడు చూడొచ్చాడు?”

“ఇందాక ఎవరిదో ఏడో పేరు తీసేస్తుంటే ఈ జాలి ఏమైందే అమ్మాయ్?” అంటూ తన పేరూ తీసేశాడు.

నెల తిరక్కుండా ఆ జర్నల్ వ్యాసాన్ని తిప్పి పంపింది. ప్రొఫెసరు తల పట్టుకున్నాడు. ఇంకో జర్నల్‌కి పంపాలన్నారు.

“నీ పని మళ్లీ మొదటికొచ్చింది కదా బాబాయ్,” అంది ఆ అమ్మాయి.

“తప్పదుగా. ఈ జర్నల్ వాళ్లు పది పేర్లదాకా వేయమన్నారు,” అంటూ స్కేలు అందుకున్నాడు. ముఖం పరామర్శకు వచ్చినవాడిలాగే పెట్టుకున్నాడు గానీ, బల్ల కింద పాదం తాళం వేస్తోంది.