ఎలాగున్నాది కృపారావు

మా కృపారావు బాబాయికి లోకంలో ఏ విషయం మీదా సొంత అభిప్రాయం ఉండేది కాదు. ఎదుటివాడి అభిప్రాయం తెలియకపోతే మాత్రం ముద్ద దిగేది కాదు. మనిషి కనిపిస్తే చాలు, "ఎలాగున్నాది?" అనేవాడు. ఏది ఎలాగుందో మనమే తేల్చుకోవాలి. ఖరగ్‌పూర్‌లో కృపారావంటే ఎవరికీ తెలియదు. ఎలాగున్నాది కృపారావంటే అవతలి మలంచా పేట రిక్షావాళ్ళు కూడా తిన్నగా ఇంటి ముందు దింపేవారు.

నేనప్పుడు రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుని. ఖరిదా పేటలో వాళ్ళ పక్క వాటాలో ఉండేవాణ్ణి. ఒకరోజు పన్ను పీకించుకుని నోటి నిండా దూదితో వస్తుంటే గుమ్మంలోనే ఆపేశాడు.

"ఎలాగున్నాది?"

మాట్లాడలేక చెయ్యి ఊపాను.

"పర్నేదన్నమాట," అని నాకంటే ముందు ఆయనే ఊరట పడి, ఆ కబురు వీధంతా చెప్పొచ్చాడు. మర్నాటికి వీధిలో పుచ్చుపళ్ళ వాళ్ళంతా ఆ డాక్టరు దగ్గర లైను కట్టారు. సాయంత్రం వాళ్ళు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

జ్ఞానరత్నం పిన్ని బాధ మరొకటి. "ఏటండీ, పప్పులో ఉప్పు సరిపోనాదా?" అని ఆవిడ అడిగితే, ఈయన నాలిక మీద వేసుకోకుండానే గిన్నె ఎత్తుకుని ఎదురింటి పోలమ్మ దగ్గరికి పరిగెత్తేవాడు. పోలమ్మ మొగుడు పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి. ఎవరి దగ్గరా చెయ్యి చాచదు, ఎవరినీ మెచ్చుకోదు. గిన్నె అడుగు దాకా తుడిచేసి, "ఒక పిసరు తక్కువైనట్టున్నాది. రేపు మళ్ళీ తే, సెప్తాను," అనేది.

"సూసినావా బాబూ," అని పిన్ని నాతో మొర పెట్టుకునేది. "ఇన్నేళ్ళ కాపరంలో నా వంట బాగున్నాదని ఒక్కపాలి అన్నేదు. ఊరోళ్ళ రిపోర్టు తెచ్చిస్తాడు."

ఈ జబ్బంతా ఒకచోట కుదురుకుంది సినిమా బోర్డు వల్ల. మా ఖరిదాలో ఓ రేకుల హాలుండేది. అందులో ఆదివారం పొద్దుట తెలుగు సినిమా వేయించేవాడు గూడ్స్ క్లర్కు వెంకటరావు. రీళ్ళ పెట్టెలు వైజాగు నుంచి పార్సిల్లో వచ్చేవి. ఏ సినిమా తెప్పించాలో తెలియక ఆయన తల పట్టుకుంటుంటే, "నానడిగి సెప్తాను కదా," అన్నాడు బాబాయి. వర్క్‌షాపులో ఆయన పని వ్యాగన్ల మీద నంబర్లు రాయడం. ఇంటి గోడకి ఓ చెక్క బోర్డు తగిలించి, చూసిన సినిమాలకి ఒకటి నుంచి అయిదు దాకా ర్యాంకులు రాశాడు. అక్షరాలు ముత్యాలే. ర్యాంకులే నిలకడగా ఉండేవి కావు.

"అన్నదమ్ముల సినిమా ఒకటో నంబరా? ఫైటింగే నేదు కదా!" అని ఓ ఫిట్టరు అనగానే తుడిచేసి మూడు చేసేవాడు. ఫిట్టరు భార్య వచ్చి, "ఎంత ఏడుపున్నాది అందులోన!" అంటే మళ్ళీ ఒకటి. మొగుడూ పెళ్ళాం ఒకేసారి వస్తే రెండు. ఆ దంపతులకి మా బోర్డు ముందే పెద్ద గొడవలు జరిగాయి.

పోలమ్మ అయితే నిలదీసింది. "నాను సదువుకోనేదు. నీ బోర్డు మీద ఏటుందో నాకెలా తెలుస్తాది? ఏడుపుకి బొమ్మెయ్యి. సినిమా పేర్లు కూడా వొద్దు, గురుతుండవు. అత్త కుంపటి తన్నిన సినిమా అని ఎవులినైనా అడిగితే సెప్తారు."

సరేనని ఏడుపుకి కన్నీళ్ళ కన్ను వేశాడు, ఫైటింగుకి మీసం వేశాడు. హాల్లో ఉక్కపోత సంగతి కూడా ఉండాలని ఒకాయన అంటే ఫ్యాను బొమ్మ వచ్చింది. దుర్గాపూజల నాటికి బోర్డు మీద "అత్త కుంపటి తన్నిన సినిమా" అని రాసి, పక్కన మూడు కళ్ళు, ఒక మీసం, సగం ఫ్యాను ఉండేవి. ఆ సినిమా మంచిదో కాదో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ఒక బెంగాలీ ఆయన ఆ కళ్ళు చూసి కంటి డాక్టరనుకుని వాళ్ళమ్మని రిక్షాలో తీసుకొచ్చాడు. బాబాయి ఆవిడకి కుర్చీ వేసి, "కేమోన్ లాగ్లో మాషీమా?" అని తనకొచ్చిన ఒక్క బెంగాలీ ముక్కలోనూ ఎలాగున్నాదనే అడిగాడు. బోర్డులో రంగు సరిపోలేదంది ఆవిడ. మర్నాడే ముదురు రంగు వేశాడు.

చివరికి వెంకటరావు ఒక రూలు పెట్టాడు: పోలమ్మ ఒప్పుకోనిదే ఏ సినిమా పైకి ఎక్కకూడదు. ఆవిడ బాగులేదంటే మా వీధి ఆడవాళ్ళు ఒక్కరూ వచ్చేవారు కాదు మరి.

ఆ మరుసటి వానాకాలంలో వచ్చిపడింది అసలు గండం. పార్సిల్లో పెట్టె తడిసి రీళ్ళ డబ్బాల మీద చీటీలు ఊడిపోయాయి. మిషను తిప్పే తీతు బెంగాలీవాడు, తెలుగు ముక్క రాదు. తోచిన వరసలో ఎక్కించేశాడు. తెర మీద హీరో లారీ కింద పడి చచ్చిపోయాడు. తల్లి గుండెలు బాదుకుంది. హాలంతా ముక్కులు చీదుతోంది. అంతలో తలుపు తోసుకుని అదే హీరో, అదే చొక్కాలో వచ్చి, "అమ్మా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు," అన్నాడు.

ముందు బెంచీల వాళ్ళు చెప్పులు తీసి మిషను గది వైపు తిరిగారు. అప్పుడు ఎక్కణ్ణుంచో ఒక చప్పట్ల మోత. "బతికొచ్చినాడ్రోయ్!" అని ఓ కేక. ఎవడో ఈల వేశాడు. ఇంకెవడో "అన్నం పెట్టవే తల్లీ!" అన్నాడు. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చెప్పులు మళ్ళీ కాళ్ళకెక్కాయి.

వెంకటరావు మాత్రం నవ్వలేదు. ఆట అయిపోగానే తీతుని బయటికి పిలిచి, "సాయంత్రం కృపారావు బోర్డు సూస్తాను. సినిమా అట్టడుగునుంటే నీ పని ఖతం. దూసరా ఆద్మీ ఆయేగా," అని సగం హిందీలో బెదిరించాడు. తీతుకి ఆర్నెల్ల కూతురు. మా బోర్డు ముందు సైకిలు పట్టుకుని, ఉరిశిక్ష వినబోయేవాడిలా నిలబడ్డాడు.

"దాదా, కుఛ్ కరో," అని ఏదో ఒకటి చెయ్యమంటూ తీతు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

"నా సేతిలో ఏటున్నాది దాదా? పబ్లిక్‌నడగాల," అని బాబాయి సుద్దముక్క తీసుకుని బయల్దేరాడు, వెనకాలే నేను. ప్రతి గుమ్మంలోనూ "ఎలాగున్నాది?" నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టాయన్నారు కొందరు, డబ్బు దండగన్నారు కొందరు. సగం సగం. ఇక మిగిలింది పోలమ్మ.

"ఎలాగున్నాది అప్పా?" అన్నాడు, సొంత అక్కని అడిగినట్టు.

"ఏటెలాగున్నాది నీ బొంద! ఆడు సచ్చినాడని కొంగంతా తడిపేసినాను. ఆ ఏడుపు నాకెవుడు ఎనక్కిస్తాడు? అట్టడుగున రాయి."

ఎదురుగా బోర్డు దగ్గరున్న తీతుకి మాటలు అర్థం కాకపోయినా ఆవిడ మొహం అర్థమైంది. సైకిలు స్టాండు తీశాడు. బాబాయి కదల్లేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"మరి ఆడు తలుపు తోసుకొని వొచ్చినప్పుడు ఎలాగున్నాది?"

పోలమ్మ గొంతు తగ్గించి అంది: "మా ఆయన డూటీకెళ్ళినోడు అలాగే వొస్తాడని ఎన్నాళ్ళో అన్నం గిన్నె మీద మూత తీనేదు కృపా. రానేదు. ఈడు వొచ్చినాడు. వొచ్చి అన్నం పెట్టమన్నాడు." ఉన్నట్టుండి కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వేసింది. "బాగున్నాదిరా. పైన రాయి. ఏడుపు కన్ను కాదు, నవ్వే కన్నెయ్యి!"

నవ్వే కన్ను అంతవరకు మా బోర్డు మీద లేదు. బాబాయి అక్కడికక్కడ కనిపెట్టాడు. కొంచెం మెల్లకన్నులా వచ్చింది గానీ నవ్వుతూనే ఉంది. సాయంత్రం వెంకటరావు వచ్చి "సచ్చి బతికొచ్చిన సినిమా" ఒకటో నంబరులో ఉండటం చూసి తల గోక్కున్నాడు.

"ఇదేటి కృపారావు? ఇప్పుడు నానేటి సేయాల?"

"మళ్ళీ ఎయ్యాల. అదే వరసలోన. పబ్లిక్ అడుగుతున్నారు."

తీతు ఉద్యోగం నిలబడింది. కానీ పాపం, ఏ రీలు తర్వాత ఏది ఎక్కించాడో వాడికి గుర్తుంటే కదా! మిషను గదిలో వాడు బిక్కమొహం వేస్తే, బాబాయి వెళ్ళి ఏ రీల్లో ఏముందో, ఏది ఎక్కడ రావాలో, అది తీసి ఎక్కడ పెట్టాలో వచ్చిన హిందీలో గడగడా చెప్పేశాడు. నేను తెల్లబోయాను. ఇంటికొచ్చి పిన్నిని అడిగాను.

"ఆ సినిమా ముందే సూసినాం బాబూ, బరంపురంలోన, మా తమ్ముడింటికెళ్ళినప్పుడు," అంది పిన్ని బియ్యం ఏరుతూ. "రీలు తప్పినాదని హాల్లో అందరికన్నా ముందు ఈయనకే తెలిసినాది. సెప్పులు సూడగానే లేసి, బతికొచ్చినాడ్రోయ్ అని సప్పట్లు కొట్టినాడు. అడిగితే, నానెప్పుడు కొట్టినాను, పబ్లిక్ కొట్టినారంటాడు."

"అయితే బాబాయికి సొంత అభిప్రాయాలున్నాయన్నమాట!"

"ఉండకేటి? ఉప్పు సూడ్డానికి సెంచాడు పప్పు సాల్దా? గిన్నెడెందుకు పట్టుకెళ్తాడనుకున్నావు? ఊరికే ఇస్తే పోలమ్మప్ప ముట్టదు. ఎలాగున్నాదో సెప్పమంటే తింటాది."

"మరి నువ్వు నాతో మొర పెట్టుకునేదానివి?"

"వీధిలోకి ఇనపడాల కదా, నేకపోతే అప్ప నమ్మదు," అంది పిన్ని. నాకు ఆవిడ మీదా ఆయన మీదా ఒకేసారి పట్టరానంత ప్రేమ వచ్చింది. ఈలోగా ఆవిడ పొయ్యి దగ్గరికెళ్ళి, ఎదురింటికి వినపడేలా గొంతెత్తింది: "ఏటండీ, పప్పులో ఉప్పు సరిపోనాదా?"

బాబాయి గిన్నె ఎత్తుకుని పరుగున బయటికొచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి అలవాటుగా ఆగాడు.

"ఎలాగున్నాది?"

"చాలా బాగుంది బాబాయ్," అన్నాను మనసారా.

"నువ్వింకా తిననేదు కదరా! నీకెలా తెలుసు?" అని విసుక్కుని, అభిప్రాయం కోసం వీధి దాటేశాడు.