నా కళ్ళతో కొలిచిన ఇల్లు

ఇది ఇంతకు ముందే రాయాల్సింది. కుదరలేదు. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వచ్చాక సిగ్గు అడ్డం వచ్చింది. అక్షరాలు నేర్పడానికి యూసుఫ్‌గూడలో మా కింది ఇంటి పంతులమ్మ దొరికింది. సిగ్గు పోగొట్టడానికి ఎవరూ దొరకలేదు. అదే అరిగి అరిగి ఇప్పటికి పలచబడింది.

ముందే చెప్తున్నాను, ఇందులో పెద్ద నాశనమే ఉంది. ఒక ఆఫీసు పరువు, ఒక బిల్డరు బేరం, నా రెండు కళ్ళ చూపు, ఈ మూడింటి సంగతీ ఒక్కరోజే బయటపడింది. మొదటి రెండూ తర్వాత ఎలాగో సర్దుకున్నాయి. మూడోది సర్దుకోలేదు, సగానికి పైగా పోయింది. అయినా మీరు నవ్వండి. నవ్వకపోతే జాలిపడతారు. జాలి నాకు అరగదు.

అమీర్‌పేటలో ఒక కోచింగు సెంటరు పైన, మూడో అంతస్తులో ఆ ఆఫీసు. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేదాన్ని. ఇంకా కట్టని అపార్ట్‌మెంటును కట్టినట్టు చూపించడం వాళ్ళ పని. కళ్ళకు నల్ల డబ్బా ఒకటి తగిలించుకుంటే గోడలు, సోఫాలు, బాల్కనీలో ఆరేసిన తువ్వాలతో సహా కనిపిస్తాయి. ముట్టుకుంటే మాత్రం గాలి.

అయితే ఆ డబ్బాలు చవక రకం. అంత ఇంటిని మొయ్యలేక వేడెక్కేవి. ఇల్లు ఆగి ఆగి కదిలేది, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులాగా. దానికి స్రవంతి ఒక ఉపాయం పట్టుకొచ్చింది. స్రవంతి అక్కడి ఇంజినీరు, సిద్దిపేట దిక్కు పిల్ల, నన్ను అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడు. మనిషికి సాఫ్‌గ కనబడేది గంతే, గా గోరంత. మిగతాదంతా మసకనే. మనసే నింపుకుంటది."

"మరి నాకు అంతా కనబడుతుంది గద?"

"కనబడుతున్నట్టు అనిపిస్తది. గదే మజా! అందుకే చూపు ఏడ పడితే ఆడనే బొమ్మ మంచిగ గీసి, పక్కలకు మోటుగ గీస్తె చాలు. ఎవరికీ తెల్వది, డబ్బాకు సుత బరువు తగ్గుతది."

ఇదేమంత కొత్త విద్య అనిపించింది నాకు. చుట్టాలు వస్తున్నారంటే నేనూ ముందు గది ఒక్కటే ఊడుస్తాను.

ఎంత మోటుగా గీస్తే మనిషి గుర్తుపడతాడో చూడాలి. ఆఫీసు వాళ్ళతో ఆ పని కాదు. మోటు ఎక్కడుందో వాళ్ళకు తెలుసు, విరిగిన పన్ను మీదికి నాలుక పోయినట్టు వాళ్ళ కళ్ళు అక్కడికే పోతాయి.

"సత్తెమ్మగారిని కూర్చోబెడదాం," అన్నాడు రాజేశ్ సారు. ఆఫీసు ఆయనదే, కాకినాడ మనిషి. "ఆవిడకేమీ తెలీదు కదా!"

ఏమీ తెలియకపోవడం ఒక అర్హత అయింది నాకు జీవితంలో ఆ ఒక్కసారే.

ఆ రోజుల్లోనే నా చెత్త ఎత్తే ఎర్ర చాట పోయింది. గదులన్నీ వెతికి, కింద గేటు దగ్గర వాచ్‌మన్ యాదగిరి మీద పడ్డాను.

"యాదన్నా, నా చాట ఏది?"

"నీ చెత్త చాట ఎత్కపోయి నేనేం మేడ కడతనా అమ్మా?"

"నువ్వు గాక ఇంకెవరు తీస్తరు?"

ఆనాటి నుంచి అతనికి చాయ్ బంద్. చెత్తను అట్టముక్కతో ఎత్తుకున్నాను. కుర్చీలు కూడా ఆ రోజుల్లోనే నా మీద పగబట్టాయి, ఎడమ పక్క నుంచి వచ్చి మోకాలికి తగిలేవి. చదువుతుంటే వరస చివరిదాకా పోయి, కింది వరస మొదలు దొరక్క దారి తప్పేదాన్ని. "నీకు శ్రద్ధ లేదు సత్తెమ్మా," అనేది పంతులమ్మ. శ్రద్ధ లేదనే నేనూ నమ్మాను.

ఇక పరీక్ష.

"నడుమ పూలకుండీ ఉన్నది సూడు అక్కా, దాన్నే సూడు. పక్కలు ఖరాబైనట్టు అనిపిస్తె ఆపు అను. ఎట్లుంది?"

"మంచిగుంది."

"ఇప్పుడు?"

"మంచిగుంది."

"సార్, సగం తీసేసిన. గుర్తు పట్టలే!"

"ఇంకా తగ్గించమ్మా."

"సోఫా మట్టిముద్ద అయింది సార్."

"ఆవిడేమంటున్నారు?"

"అద్దం లెక్కుంది సార్," అన్నాను డబ్బాలోంచి.

రాజేశ్ సారు చప్పట్లు కొట్టాడు. "ఇవి కళ్ళు కాదండీ, బంగారం!" ఆ రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. నేను పెట్టిన చాయే అనుకోండి.

ఒక మాట చెప్పాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు కుడి పక్కన ఏదో వణికినట్టు అనిపించింది. ఆపు అనాల్సింది. అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక పరీక్షలో మొదటిసారి ఫస్టు వస్తున్నాను. మీరైతే ఆపమంటారా?

"ఇంకో ఇద్దర్ని కూర్చోబెడదాం సార్," అంది స్రవంతి.

"ఎల్లుండే బిల్డరు గారికి డెమో. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా?"

చాలుతుంది, పెద్దలన్న మాటే. కానీ వీళ్ళ వేళ్ళకు దొరికింది బియ్యంలో రాయి. ఎంత ఉడికించినా "మంచిగుంది" అనే రాయి.

డెమో పంజాగుట్టలో, బిల్డరు గారి ఆఫీసులో. తమ బంగారాన్ని కూడా వెంట తీసుకెళ్ళారు. నేను పెట్టెలోని నేత చీర కట్టుకున్నాను. ముందు బిల్డరు గారి భార్య డబ్బా పెట్టుకుంది.

"ఏవండీ, గోడలు కారిపోతున్నాయేంటి?"

"గోడలు కారడమేంటి?"

"పెరుగన్నంలా జారిపోతున్నాయండీ! ఫ్రిజ్జు చూస్తే స్టవ్వు కరిగిపోతోంది, స్టవ్వు చూస్తే ఫ్రిజ్జు కరిగిపోతోంది!"

ఆయన పెట్టుకున్నాడు. తీసి, తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇది చూపిస్తే కొత్తవాళ్ళు కొనడం కాదండీ, కొన్నవాళ్ళు అడ్వాన్సు వెనక్కి అడుగుతారు."

రాజేశ్ సారుకు ఏసీలో చెమట పట్టింది. "అలా ఉండదండీ. సత్తెమ్మగారూ, మీరు చూసి చెప్పండి."

పెట్టుకున్నాను. "అద్దం లెక్కుంది సార్. గిసోంటి ఇల్లు నా జన్మల చూడలే."

బిల్డరు గారి భార్య లేచి వచ్చి నా ముఖానికున్న డబ్బా తీసింది. ఎదురుగా నిలబడింది.

"నా ముక్కునే చూడండమ్మా. కళ్ళు కదపకండి. ఎన్ని వేళ్ళు?"

"ఏ వేళ్ళమ్మా?" అని నవ్వాను. హాస్యమాడుతోంది అనుకున్నాను. గదిలో నవ్వింది నేనొక్కదాన్నే.

ఆమె రెండు చేతులూ అటూ ఇటూ చాపి ఊపుతోందని తర్వాత స్రవంతి చెప్పింది. మెల్లగా లోపలికి తెచ్చింది. చేతులు ఆమె చెవుల దాకా వచ్చాక, గాలిలోంచి ఊడిపడ్డట్టు నాకు వేళ్ళు కనిపించాయి.

"మా అమ్మకీ ఇలాగే అయింది. ఎవరికీ తెలీలేదు, ఆవిడకి కూడా," అంది. తర్వాత రాజేశ్ సారు వైపు తిరిగింది. "బేరం సంగతి తర్వాత. ముందు ఈవిడని కంటి డాక్టరుకి చూపించండి."

అటు నుంచి అటే స్రవంతి స్కూటీ మీద సోమాజిగూడ కంటి ఆసుపత్రికి. అక్కడ తెల్లటి గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టించారు. దీపం కనిపించినప్పుడల్లా మీట నొక్కాలట. దీపాలు రాలేదు. ఎప్పుడో ఒకటి మెరిసింది, మళ్ళీ ఏమీ లేదు.

"మీ మిషన్ ఖరాబైందమ్మా," అన్నాను అక్కడున్న పిల్లతో.

"దీపాలన్నీ వచ్చినయ్ అమ్మా," అంది ఆ పిల్ల, మెల్లగా.

డాక్టరమ్మ చెప్పింది. "నీటికాసులు, గ్లకోమా అంటారు. నొప్పి ఉండదు. పక్కల నుంచి చూపును తింటూ వస్తుంది."

"మరి పోయినకాడ నల్లగ కనబడాలె గద?"

"కనబడదు. లేనిచోటును మనసే నింపుకుంటుంది."

అదే మాట స్రవంతి మజా అని చెప్పింది. ఇప్పుడు గోడ వైపు తిరిగి నిలబడింది.

"పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు. చుక్కలు రోజూ వెయ్యాలి."

"చదువుకునేంత ఉంటదా?" అని మాత్రం అడిగాను.

"చుక్కలు మానకపోతే ఉంటుంది."

ఇంటికొచ్చి పడుకుని మందు వేసుకున్నాను. మొదటి చుక్క చెంప మీద, రెండోది చెవిలో, మూడోది కంట్లో పడ్డాక, రేకుల కప్పు సాక్షిగా ఒట్టు పెట్టాను. కనబడనిదాన్ని మంచిగుందని చచ్చినా అనను. ఆ దేవుడే దిగొచ్చి "నా సృష్టి ఎట్లుంది సత్తెమ్మా?" అని అడిగినా, "జర ఆగు సామీ, మెడ తిప్పి చూసి చెప్త," అంటాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, గుడ్లగూబలా మెడ మొత్తం తిప్పుకుంటూ ఊడ్చాను. తలుపు దాటాక ఎడమ పక్కన, గోడకు ఆనుకుని నిలబడి ఉంది ఎర్ర చాట. రోజూ దాని పక్క నుంచే నడిచాను. అందరికీ కనబడుతూనే ఉందట. చాట ఉండాల్సినచోట చాట ఉంటే ఎవరడుగుతారు? దాని మీద దుమ్ము అట్టకట్టి, మూలకు సాలెగూడు అల్లుకుంది. నా చూపు ఎన్నాళ్ళ కిందట పోయిందో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. ఆ దుమ్ము చెప్పింది.

దాన్ని కడిగి ఆరబెట్టి, చాయ్ పెట్టి, గ్లాసు పట్టుకుని గేటు దగ్గరికి దిగాను.

"ఏందమ్మా, పొద్దు పడమట పొడిచిందా?" అన్నాడు యాదగిరి.

"చాట దొరికింది యాదన్నా."

"ఏడుండె?"

"ఉన్నకాడనే ఉండె. నాకే కనబడలే."

నా ముఖం వైపు ఒకసారి చూశాడు. ఇంకేమీ అడక్కుండా చాయ్ తాగాడు.

"ఎట్లుంది అన్నా?"

"మంచిగుంది అమ్మా."

పైకొచ్చి నా గ్లాసు నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, చక్కెరే వెయ్యలేదని.