రెండూ ఒకే పొడవు

మా బాబాయి కొన్న కేబులుతో పాట వినడు. స్పీకర్లు కొంటాడు, యాంప్లిఫయర్ కొంటాడు, ఆ రెంటినీ కలిపే తీగ మాత్రం ఇంట్లో తన చేత్తో చేసుకోవాల్సిందే. పెట్టెలో ఉచితంగా వచ్చిన కేబుల్ని చచ్చిన బల్లిని తీసినట్టు రెండు వేళ్లతో తీసి చెత్తబుట్టలో పడేస్తాడు.

ఆయన ఉద్యోగం లిఫ్టులు బాగుచెయ్యడం. పగలంతా జనాన్ని పైకీ కిందకీ పంపించి, సాయంత్రం ఇంటికొచ్చి హాల్లో కిటికీ ఊచకి రాగి తీగలు ముడేస్తాడు. రెండో కొస డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించి బర్రుమని మెలి తిప్పుతాడు. అప్పుడు వంటింట్లోంచి గుమ్మం దాకా రావాలంటే మా పిన్ని నడుం వంచి ఆ తీగల కిందనుంచి రావాలి. సగం కాపురం వంగే చేశానంటుంది పిన్ని.

ఇక పొడవు సంగతి. ఎడమ స్పీకరు యాంప్లిఫయర్‌కి జానెడు దూరం. కుడిది గది అవతలి మూల. అయినా రెండిటికీ పదేసి అడుగుల తీగే. ఎడమదాని మిగులంతా సోఫా వెనక చుట్టలు చుట్టుకుని పడుంటుంది.

"అంత తీగ ఎందుకు బాబాయ్?"

"రెండూ ఒకే పొడవు ఉండాలి. లేకపోతే పాట ఓ చెవికి ముందొస్తుంది."

"వస్తే? రెండో చెవి కోసం కాచుక్కూర్చుంటుందా?"

"నీకు చెవులు లేవు" అనేవాడు జాలిగా.

కొత్త కేబులు తయారైతే ఇంటికొచ్చినవాళ్ల పని అయిపోయినట్టే. సోఫా మధ్యలో కూర్చోబెట్టి, పాత తీగతో ఒకసారి, కొత్త తీగతో ఒకసారి అదే పాట వినిపించి, మొహంలో మొహం పెట్టి అడుగుతాడు: "తేడా తెలుస్తోందా?" తెలియట్లేదంటే మూడోసారి వినిపిస్తాడు. అందుకని గ్యాసు బండ తెచ్చినవాడు కూడా బూట్లు విప్పకుండానే "తెలుస్తోందండీ" అనేస్తాడు. ఎన్నేళ్లుగానో నేనూ అంతే. ఒక్కసారీ తెలిసింది లేదు.

ఈ ఏడు పిన్ని కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. తగ్గడానికి ఏడాది పైనే పడుతుందన్నాడు డాక్టరు. పిన్నికి నడుం దాటే జుట్టు. ఆవిడ పనిచేసే పోస్టాఫీసు కౌంటర్లో పేరు తెలియనివాళ్లు "పెద్ద జడావిడ" అంటారు. ఇప్పుడు ఆ జడ వేసుకోలేదు, ఒకరిని అడగలేదు. నేను వెళ్లిన రోజున వేసేదాన్ని, మిగతా రోజులు క్లిప్పు పెట్టుకుని పోయేది.

ఒకరోజు ఫోన్ చేసింది. "శనివారం పార్లరుకి తోడు రావే. మెడ దాకా కత్తిరించేయిస్తాను. హాయిగా ఉంటుంది." హాయి అన్న మాట ఆవిడ గొంతులో నిలబడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఏడుపంతా బాబాయి మీద కోపమైంది. అది తీర్చుకుందామని ఆయన దగ్గరికెళ్లాను. ఆయన హాల్లో నిమ్మళంగా తీగలు అల్లుతున్నాడు. ఈసారి డ్రిల్లు లేదు. కిటికీ ఊచకి కట్టిన సన్నటి తీగల్ని మూడు పాయలు చేసి, చేత్తోనే అల్లి, విప్పి, మళ్లీ అల్లుతున్నాడు. పక్కన విప్పి పడేసినవి గుట్టగా ఉన్నాయి.

"ఇంట్లో మనిషి బాధపడుతుంటే నీకీ తీగలేంటి బాబాయ్?"

"వదులుగా అల్లితే గంటకే ఊడిపోతోంది. బిగిస్తే లాగేస్తుంది. సరైన బిగువు దొరకాలమ్మా" అన్నాడు తలెత్తకుండా.

"లాగితే స్పీకరుకి నొప్పా?"

అల్లింది మళ్లీ విప్పడం మొదలెట్టాడు. ఈయన ఇంక బాగుపడడనుకుని వచ్చేశాను.

శనివారం పొద్దున్నే వెళ్లాను. కిటికీ ఊచకి తీగలు లేవు. దాని పక్కన స్టూలు మీద పిన్ని కూర్చుని ఉంది. వెనక బాబాయి నోట్లో దువ్వెన కరుచుకుని, రెండో జడ చివర రబ్బరుబ్యాండు వేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆయన వెతికిన బిగువు ఎవరికోసమో అప్పుడు నా బుర్రకెక్కింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

"నొప్పెట్టిందా పిన్నీ?"

"లేదే. మా అమ్మ కూడా ఇంత మెత్తగా వేసేది కాదు. చివర్న ఆ కేబుల్‌కి వేసే రబ్బరు గొట్టం తొడిగి, బిగుసుకునేలా వేడి చేస్తానన్నాడు. అది మాత్రం ఒప్పుకోలేదు."

"మరి రెండు జడలెందుకు?"

"ఒకటైతే మోనో. రెండుంటేనే స్టీరియో" అన్నాడు బాబాయి.

రెండు జడల్నీ పిన్ని భుజాల మీదుగా ముందుకి వేసి, వెనక్కి జరిగి, నా మొహంలో మొహం పెట్టి అడిగాడు: "తేడా తెలుస్తోందా?"

పిన్ని మొహం చూశాను. "తెలుస్తోంది బాబాయ్" అన్నాను. ఆ ప్రశ్నకి జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఏది పొడుగు? ఎడమదేనా?" అంటూ టేపు తెచ్చి కొలిచి, రెండు జడలూ విప్పేశాడు.

"ఆ పార్లరుకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పవే" అంది పిన్ని నవ్వుతూ. "ఈయన కొలతలు తేలేసరికి సాయంత్రమవుతుంది."