అన్నను బావను చేసిన్రు

మా సైకిల్ గ్రూపుల నన్ను అందరు అన్న అంటుండిరి. వయసుల నాకంటె పెద్దోడైన పీటీ సారు సుత అన్నా అనే పిలిచేటోడు. ఆదివారం పొద్దున పద్మారావు నగర్ పార్కు గేటు ముంగట జమైతుంటిమి. ఎటు పోవాల్నో, యాడ ఆగి చాయ్ తాగాల్నో నేను చెప్పుడే, వాళ్లు వచ్చుడే. ముందర నేను తొక్కాలె, నా ఎనక లైనుగ వాళ్లు రావాలె. రోడ్డు మీద గుంత కనబడితె చెయ్యి ఎనకకు పెట్టి చూపిచ్చి "గుంతా!" అని అరుస్త. ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అందుకొని లైను చివరి దాంక పోతది. నా నోట్లకెల్లి ఎల్లిన మాట గంత దూరం పోవుడు నా జిందగీల ఇంకెక్కడ లేదు. నాది కళ్లద్దాల దుకాణం. ఈ ఫ్రేము నీ మొఖానికి మంచిగుండది అని ఎంత చెప్పినా గిరాకి ఇనడు, అద్దంల చూసుకొని తనకు నచ్చిందే కొనుక్కపోతడు. గందుకే ఆదివారం అంటె నాకు పానం.

మా ఆమెను గ్రూపుకు తెచ్చింది నేనే. ఈ ముక్క ముందే చెప్తున్న, ఎందుకంటె తర్వాత అందరు దీన్ని మర్చిపోయిన్రు. డాక్టరు ఆమెను నడువుమన్నడు. నడిస్తె మోకాళ్లు గుంజుతున్నయన్నది. అయితె సైకిల్ తొక్కుదువు రా అన్న. పక్కింట్ల ఒక లేడీస్ సైకిల్ మూలకు పడి ఉంటె అడిగి తెచ్చి, గాలి కొట్టిచ్చి, చైనుకు నూనె పెట్టిచ్చిన. "నా పక్కకే ఉండు, బెదురకు, బస్సొస్తె దిగిపో" అని ముందురోజంత పాఠం చెప్పిన. ఆమె బెండకాయలు కోసుకుంట ఊ కొట్టింది.

ఆ మొదటి ఆదివారమే, బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కేకాడ నేను ఆయాసపడుకుంట తొక్కుతుంటె, పక్కకెల్లి సర్రున పోయింది. చున్నీ నడుముకు కట్టుకొని, సీటు మీదికెల్లి లేచి నిలబడి తొక్కుతున్నది! మీదికి పోయి ఆగి, కిందికెల్లి వస్తున్న నన్ను చూస్తున్నది. "నీకు సైకిల్ గింత మంచిగొస్తదని నాకు చెప్పనే లేదు" అన్న. "నువ్వు అడిగితివా? బడికి సైకిల్ మీదనే పోతుంటి" అన్నది. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను సుత కొట్టిన, కొట్టకపోతె బాగుండదని.

షురూల ఆమెను అందరు వదినా అన్నరు. అది నాకు మంచిగనే అనిపిచ్చింది. వదిన అంటె ఎవరు? అన్న పెండ్లాం. ఆ మాట పలికినప్పుడల్లా దాంట్ల నేను సుత ఉంటి. చాయ్ తాగేకాడ "వదినా, నీకు చక్కెర తక్కువనా?" అని ఎవరన్న అడిగితె, నా ఇజ్జత్ పెరిగినట్టే ఉండేది.

చెడగొట్టింది మా గ్రూపుల బ్యాంకు మేడం. ఆమెది కాకినాడ దిక్కు, బేగంపేటల ఒక బ్యాంకుల ఆఫీసరు. మనిషి మంచిదే, మాట తీరు సుత మంచిదే, కానీ లెక్క ప్రకారం మాట్లాడుడు ఆమెకు అలవాటు. ఒకనాడు టిఫిన్ బండి కాడ దోసె తినుకుంట, "అన్నయ్యగారి తరఫున వదినగారు అనడం నాకేం బాలేదండీ. నాకు ఈవిడ డైరెక్టుగా ఫ్రెండు. నేను అక్కా అనే పిలుస్తాను" అన్నది. మా ఆమెను పేరు అడిగి, ఆ పేరు పెట్టి అక్కా అన్నది. పీటీ సారు చట్నీ గిన్నె కింద పెట్టి, "అరే, మంచిగుంది గదా! మరి గీ అక్క మనకు అక్కయితె, అన్న మనకు ఏమైతడు?" అన్నడు. అందరు ఒక్కటేసారి "బావా!" అని అరిచిన్రు. బండాయన సుత నవ్విండు.

వరసలు తెల్సినోళ్లకు చెప్పే పని లేదు. అన్న మాట ఎవరు కాదనరు. బావను ఆట పట్టియ్యకపోతె అందరికి అన్నం అరగదు. మల్ల ఆదివారానికే నా బొజ్జ మీద జోకులు షురూ. బావ సైకిల్ ముందుకు పోతలేదు, బొజ్జ గుంజుకపోతున్నది అని ఒకడు. బావా, గంట కొట్టకు, ఐస్‌క్రీమ్ బండి అనుకుంటరు అని ఇంకొకడు. అన్నగ ఉన్నప్పుడు ఇదే బొజ్జ, ఇదే గంట, ఒక్కడన్న నోరు తెరిచిండా? నేను ఎడమకు పోదాం అంటె, "అక్కా, ఎడమకేనా?" అని ఆమెను అడుగుడు. కూరలకెల్లి కరివేపాకు తీసి పక్కకు పెట్టినట్టు పెట్టిన్రు నన్ను.

ఇగ మా ఆమె పేరు సంగతి. మా ఇంట్ల ఆ పేరు పలికేటోళ్లు ఎవ్వరు లేరు. మా అమ్మకు, బతికున్నన్నాళ్లు, ఆమె కోడలు, బిడ్డకు అమ్మ. నేను ఏమే అంట, ఇగో అంట. పెండ్లినాడు గడప కాడ మా అక్కచెల్లెండ్లు ఆపి, పేరు చెప్తెనే లోపలికి రానిస్తం అంటె చెప్పిన, అంతే. అసొంటి పేరు ఇప్పుడు రోడ్డు మీద అందరి నోట్ల ఆడుతున్నది. బ్యాంకు మేడం దాన్ని గారాబంగ సాగదీసి పిలుస్తది. పీటీ సారు బడి పిల్లల హాజరు తీసినట్టు టక్కున పిలుస్తడు. ఎట్ల పిలిచినా ఆమె తిరిగి చూసేటప్పుడు మొఖంల దీపం పెట్టినట్టు ఒక ఎలుగు వస్తది. ఆ ఎలుగు నేను ఇంట్ల ఎన్నడు చూడలే. దాచుడెందుకు, కుళ్లుకున్న, మస్తు కుళ్లుకున్న.

అట్లుండంగ పీటీ సారు సీతాఫల్‌మండిల తన ఇంటి మిద్దె మీద దావత్ పెట్టిండు. తలా ఒక గిన్నె తెచ్చినం. తిన్నంక అసలు ముచ్చట ఎత్తిన్రు. సైకిల్ వచ్చినా రోడ్డంటె బెదిరే ఆడోళ్లను ఏడాదికోసారి మేము ఎంట తీస్కపోతం. కొత్తోళ్ల రైడు అంటం దాన్ని. దానికి ముందర తొక్కేటోడు ఎప్పుడు నేనే. ఆ తాప గూడ నేనే అనుకొని తొవ్వ సుత మనసుల గీసుకొని పోయిన. బ్యాంకు మేడం చెయ్యి తుడుచుకొని, "ఈసారి అక్క ముందుంటే కొత్తవాళ్లకు ధైర్యంగా ఉంటుంది, ఏమంటారు?" అన్నది. అందరు హౌ హౌ అని తలకాయలు ఊపిన్రు. మా ఆమె నా దిక్కు చూసింది.

ఆ చూపుకు నేను సరే అంటె అయిపోతుండె. నా నోట్లకెల్లి వచ్చింది ఏందంటె, "దానికేం తెల్సు? దానికి తొవ్వలు తెల్వయి."

మా ఇండ్లల్ల గట్లనే అంటం. మా నాయన మా అమ్మను గట్లనే అన్నడు, ఆమె పోయిననాడు గట్లనే అని ఏడ్చిండు. మా దిక్కు పెండ్లాన్ని అది అంటె తిట్టు కాదు, నాది అని. ఇప్పటికి సుత నేను తప్పన్న అని ఒప్పుకోను. కానీ ఆ మిద్దె మీద ఆ మాట ఎవ్వరికి నచ్చలే. బ్యాంకు మేడం నవ్వు మొఖం పెట్టి, "అదేంటి బావగారూ, అక్కని పట్టుకుని దానికి అంటారేంటి?" అన్నది. పీటీ సారు మిద్దె అంచు కాడికి పోయి కిందికి చూసుకుంట నిలబడ్డడు. మా ఆమె, "తొవ్వలు తెల్వకపోతె తెల్సుకుంట. నేను ముందర ఉంట" అన్నది. వాళ్లతోటి అన్నది, నాతోని కాదు. ఇంటికి పోయెటప్పుడు ఇద్దరం పక్కపక్కనే తొక్కినం, ఆమె మలుపు మలుపు కాడ బోర్డులు చదువుకుంట వచ్చింది.

కొత్తోళ్ల రైడు నాడు నన్ను తోకకు ఏసిన్రు. లైను చివర ఉండి, ఎవరు ఎనకబడకుండ చూసుకునేటోన్ని మేము తోక అంటం. ముందర మా ఆమె. ఆమె ఎనక బెదురుకుంట తొక్కుతున్న కొత్త ఆడోళ్లు. "గుంతా!" అని ఆమె అరిస్తె, ఆ మాట అందరి నోర్లు దాటి నా దాంక వస్తున్నది. అందరికంటె చివర ఇనేటోన్ని నేనే. ఆమె గొంతు మంచిగ పలుకుతున్నది. అది ఇంకా మంట.

బేగంపేట ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చినం. కొత్తోళ్లతోటి ఫ్లైఓవర్ ఎక్కొద్దు, కిందికెల్లి పోవాలె. చూస్తె మా ఆమె లైనును రోడ్డు నడుమకు, ఫ్లైఓవర్ ఎక్కే దిక్కు తీస్కపోతున్నది. ఎక్కిస్తున్నది, ఎక్కిస్తున్నది అనుకున్న. నిజం చెప్పాలంటె లోపల ఖుషి అయిన. చూసిన్రా, నేను చెప్పలేదా, తొవ్వలు తెల్వయని! అది అందరు చూసేటట్టు ఆపాలె అని, "ఏమే!" అని అరిచిన. తిరగలే. పక్కకెల్లి గట్టిగ తొక్కుకుంట ముందుకొచ్చి "ఇగో!" అన్న. ఇంకెవరో ఒకామె తిరిగింది. దగ్గరికి పోయిన, ఊపిరి అందుతలేదు, చెవులల్ల పొద్దటిసంది అందరు ఆమెను పిలిచే ఒకటే మాట నిండి ఉన్నది, ఆ ఉరుకులాటల నా నోరు అదే మాట పట్టుకున్నది.

"అక్కా!"

ఇగ చూడు. లైనంత సైకిళ్లు ఆపి నవ్వుడే. "ఓర్నీ బావా! సొంత పెండ్లాన్ని అక్కా అంటివి గదనే!" అని పీటీ సారు హ్యాండిల్ మీద పడి నవ్వుతున్నడు. కొత్తోళ్లు సుత బెదురు మర్చిపోయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నరు. తల కొట్టేసినట్టయింది నాకు.

మా ఆమె నవ్వలే. ఎర్ర సిగ్నల్ కాడ ఒక కాలు కింద పెట్టి ఆగి, నా దిక్కు తిరిగింది. "ఈడ బస్సు ఆగి ఉన్నదని నడుమకొచ్చిన. కిందికెల్లే పోతున్నం, నాకు తెల్సు" అన్నది. తర్వాత నాకొక్కనికే ఇనబడేటట్టు, "నాకొక పేరున్నది. వీళ్లందరు పిలుస్తున్నరు. ఒక్కసారి నువ్వు పిలువు, నాకు ఇనాలనున్నది" అన్నది.

అందరు పిలుస్తున్నరనే గదా నా నోరు వస్తలేదు! గడప కాడ నేను చెప్పిన పేరు, నా ఇంట్లది, ఇప్పుడు నేను పలికితె వాళ్ల ఎంగిలి పలికినట్టయితది. ఆ మాట ఆమెకు ఎట్ల చెప్పాలె? ఆమె చూస్తనే ఉన్నది. ఆమె మొఖంల ఆ ఎలుగు రానీకి తయారుగ ఉన్నది, ఈసారి నా కోసం. నేను నోరు తెరిచిన. మొదటి అక్షరం నాలిక మీది దాంక వచ్చింది.

గ్రీన్ పడ్డది. ఆ పొద్దే మొదటిసారి వచ్చిన ఒక కొత్తామె, పేరు పెట్టి, "అక్కా, పోదామా?" అన్నది.

"పోదాం పా" అని మా ఆమె అటు తిరిగి నవ్వింది.